బొట్టు, మీసం, తలపాగా: వేలూరు సిపాయి ఇంటి సంగతి

వేలూరు తిరుగుబాటు అనగానే స్కూలు పుస్తకంలో చదివిన రెండు ముక్కలు గుర్తొస్తాయి. 1806 జూలై 10, కొత్త తలపాగా, సిపాయిల మతవిశ్వాసాలు దెబ్బతిన్నాయి... మార్కులకి అది చాలు. కానీ ఆ "మతవిశ్వాసం" అనే ఒక్క మాట కింద సిపాయి ఇల్లు, సంసారం కనపడకుండా పోయాయని నాకనిపిస్తుంది.

ముందు ఈ సిపాయిలు ఎవరో చూద్దాం. మద్రాసు సైన్యంలో తమిళులు, తెలుగువాళ్ళు, దక్కను ముస్లిములు కలిసి ఉండేవారు. క్లైవు వెంట 1756లో మద్రాసు నుంచి బెంగాలు వెళ్ళిన సిపాయిల పుణ్యమా అని అక్కడ కంపెనీ సిపాయికి "తిలంగా" అనే పేరు పడిపోయింది. నూరేళ్ళ తర్వాత 1857లో ఢిల్లీ జనం కూడా సిపాయిల్ని తిలంగాలనే పిలిచారు, వాళ్ళు అవధ్, బీహారు వాళ్ళయినా సరే!

బెంగాలు సిపాయి పెళ్ళాంబిడ్డల్ని ఊళ్ళో వదిలి, సెలవు దొరికినప్పుడు వెళ్ళి చూసొచ్చేవాడు. మద్రాసు సిపాయి అలా కాదు, ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని తిరిగేవాడు. పటాలం ఊరు మారితే ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, సామాను అన్నీ వెనకే కదిలేవి. సిపాయిల కొడుకుల్ని చిన్నప్పుడే "రిక్రూట్ బాయ్స్"గా చేర్చుకుని కొంత జీతం ఇచ్చే పద్ధతి కూడా ఉండేది. కంపెనీ జీతం మీద సంసారం నడిచేది, కంపెనీ వెంట సంసారం నడిచేది.

ఇలాంటి మనిషి మీదకి రెండు ఆర్డర్లు వచ్చాయి. 1805 నవంబరులో కొత్త తలపాగా. దానికి తోలు కుచ్చు, చూడ్డానికి అచ్చం తెల్లవాళ్ళ టోపీలా ఉండేది. 1806 మార్చిలో కొత్త నియమావళి. దాని 10వ పేరా ప్రకారం యూనిఫాంలో ఉన్నప్పుడు నుదుట బొట్టూ నామమూ ఉండకూడదు, చెవిపోగులు ఉండకూడదు, గడ్డం తీసెయ్యాలి, మీసం చెప్పిన కొలతలో కత్తిరించాలి. తమాషా ఏమిటంటే సేనాధిపతి క్రాడక్ ఈ నియమావళిని గవర్నరు బెంటింక్ కౌన్సిలు ముందు పెట్టినప్పుడు, పాత పద్ధతుల్నే ఒకచోట చేర్చామన్నట్టు చూపించాడు. ఈ పేరా కొత్తదని ఎవరూ గుర్తుపట్టలేదు. డాక్యుమెంటేషన్ అప్‌డేట్ అని చెప్పి బిహేవియర్ మార్చేసిన రిలీజ్ అన్నమాట.

అధికారులకి అది పెరేడు గ్రౌండులో చక్కగా కనపడే సంగతి. సిపాయికి? సాయంత్రం ఇంటికెళ్ళి మొహం చూపించుకోవాలి. టోపీ పెట్టుకున్నవాడు కిరస్తానీలో కలిసినట్టే అని బజారులో మాట. మనలో కలవనివాడికి ఎవరు పిల్లనిస్తారు, ఎవరు పక్కన కూర్చుని తింటారు? గడ్డం తీసిన ముస్లిము సిపాయిదీ అదే తిప్పలు. ఇక్కడ మతం అంటే వేదాంతం కాదండీ, బంతిలో చోటు. (తెలుగులో "టోపీ పెట్టడం" అంటే ఏమిటో మళ్ళీ చెప్పక్కర్లేదు కదా!)

మే నెలలోనే వేలూరులో ఒక బెటాలియన్ ఆ తలపాగా పెట్టుకోమంది. ఒక హిందువుకీ ఒక ముస్లిముకీ కొరడా దెబ్బలు కొట్టి ఉద్యోగం తీసేశారు. క్షమాపణ చెప్పుకున్న 19 మందిని వదిలేశారు. ఇక సమస్య తీరిందనుకున్నారు.

వేలూరులో సంసారాలున్న సిపాయిలు కోట గోడల బయట గుడిసెల్లో ఉండేవారు. జూలై 10 తెల్లవారుజామున పెరేడు ఉందని చాలామందిని ముందురోజు రాత్రి కోటలోనే పడుకోమన్నారు. రోజూ పెళ్ళాంబిడ్డల మధ్య పడుకునే మనుషులు ఆ ఒక్క రాత్రి తుపాకుల మధ్య పడుకున్నారు. తెల్లవారేలోపు 69వ రెజిమెంటు తెల్ల సైనికులు వందమందికి పైగా చచ్చారు, చాలామంది నిద్రలోనే. కోట మీద మైసూరు జెండా ఎగిరింది. కొన్ని గంటల్లోనే ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చిపడ్డాడు. చచ్చిన సిపాయిలు 350 అని ఒక లెక్క, ఇంకా ఎక్కువని మరికొందరి లెక్క. దాదాపు వందమందిని గోడకి నిలబెట్టి కాల్చారు. గోడ బయట గుడిసెల్లో ఎదురుచూస్తున్న ఆడవాళ్ళ గురించి మాత్రం ఈ లెక్కల్లో ఏమీ ఉండదు.

టిప్పు కొడుకులు ఆ కోటలోనే ఉన్నారు కాబట్టి కుట్ర వాళ్ళదే అనడం కంపెనీకి సులువైంది. ఆ కుటుంబాన్ని కలకత్తా పంపేశారు. కుట్ర ఎంతో కొంత ఉండొచ్చు, కాదనను. కానీ అదే నెలలో హైదరాబాదు చూడండి. అక్కడి కంపెనీ దళంలోనూ ఇవే ఆర్డర్లు, ఇదే గొణుగుడు, చర్చి కోసం తలలు బలిస్తారట అని పుకార్లు. అధికారి మాంట్రెసర్ రెసిడెంటు సిడెన్‌హామ్‌తో మాట్లాడి, మద్రాసు మాట కోసం చూడకుండా ఆర్డర్లు వెనక్కి తీసుకున్నాడు. వేలూరులో జరిగింది అక్కడ జరగలేదు. మనం ఇవాళ సికింద్రాబాదు అంటున్న కంటోన్మెంటుకి ఆ పేరు వచ్చిందీ 1806లోనే.

మద్రాసు కూడా ఆ ఆర్డర్లని రద్దు చేసింది. 1807లో బెంటింక్‌నీ క్రాడక్‌నీ లండను వెనక్కి పిలిచేసింది. ఇరవై ఏళ్ళు దాటాక బెంటింక్ గవర్నర్ జనరల్‌గా తిరిగొచ్చాడు. 1829లో సతిని నిషేధించే ముందు సైనికాధికారులకి రహస్యంగా ఉత్తరాలు రాయించి ఒక సంగతి కనుక్కున్నాడు: దీనికి సిపాయిలు ఏమంటారు అని.