చదువు ముగిశాక ఉద్యోగ అనుమతి: చెన్నైలో లభించేది, లభించనిది

నగరి, సత్యవేడు, తడ ప్రాంతాల వారికైనా, సరిహద్దుకు ఆవల ఉన్న తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట తెలుగు కుటుంబాలకైనా విదేశీ విద్య అనగానే ముందుగా తలపునకు వచ్చే నగరం చెన్నై. హైదరాబాదుకు ఒక రాత్రి ప్రయాణం చేయవలసి ఉండగా, తెల్లవారుజామున బస్సెక్కితే కార్యాలయాలు తెరిచే వేళకు చెన్నై చేరుకోవచ్చు. 2009లో హైదరాబాదులో అమెరికా వీసాల జారీ మొదలయ్యే వరకు ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ జెమిని ఫ్లైఓవరు పక్కనున్న కాన్సులేటే ఆధారం. నేటికీ విద్యార్థులు దేశంలోని ఏ అమెరికా కాన్సులేటులోనైనా ఇంటర్వ్యూకు హాజరు కావచ్చు గనుక ఈ ప్రాంతపు పిల్లలు చెన్నైని ఎంచుకోవడం సహజం.

ఈ సామీప్యం నుంచే ఒక అపోహ కూడా పుట్టింది. చెన్నైలో వీసా ముద్ర పడితే చదువు తర్వాతి ఉద్యోగానికి కూడా అనుమతి వచ్చినట్లేనని అనేక కుటుంబాలు భావిస్తున్నాయి. వాస్తవం వేరు. చెన్నైలో ఇచ్చే ఎఫ్-1 వీసా చదువు నిమిత్తం ఆ దేశంలో ప్రవేశించడానికి మాత్రమే. ఉద్యోగ అనుమతి కోసం చదువు ముగిసే సమయంలో, అమెరికాలోనే, విద్యార్థి తన పేరున దరఖాస్తు చేసుకోవాలి. దానిని మంజూరు చేసేది అక్కడి పౌరసత్వ, వలస సేవల సంస్థ. చెన్నైలోని కాన్సులేటుకు గానీ, ఏ కన్సల్టెన్సీకి గానీ అందులో ప్రమేయం లేదు. "వర్క్ పర్మిట్‌తో కలిపి ఇంత" అని ఎవరైనా ధర చెబితే, తమ చేతిలో లేని వస్తువును అమ్ముతున్నారని గ్రహించాలి.

పైగా ఎఫ్-1 ఇంటర్వ్యూలో, చదువు ముగించి స్వదేశానికి తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నదని అభ్యర్థి అధికారిని ఒప్పించాలి. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షను కింద వీసా నిరాకరణకు ఇదే ప్రధాన కారణం. అక్కడ ఉద్యోగం చేసి అప్పు తీరుస్తామని చెప్పమంటూ పిల్లలకు నేర్పే సలహాదారులు వారికి చేస్తున్నది అపకారమే.

ఓపీటీ అంటే ఏమిటి?

చదువు తర్వాత అమెరికాలో లభించే తాత్కాలిక ఉద్యోగ అనుమతిని ఓపీటీ అని వ్యవహరిస్తారు. నేటి రూపంలో ఇది 1992 నుంచి ఉన్నది. వ్యవధి పన్నెండు నెలలు. విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత శాస్త్రాల పట్టభద్రులకు 2008లో అదనంగా 17 నెలలు కల్పించారు. 2016 మే నుంచి ఆ అదనపు గడువు 24 నెలలయింది. అంటే కంప్యూటరు శాస్త్రం చదివిన విద్యార్థికి మొత్తం మూడేళ్లు, వ్యాపార నిర్వహణ వంటి కోర్సులు చదివిన వారిలో అత్యధికులకు ఒక్క ఏడాదే. కోర్సు ఎంచుకునే రోజుననే ఈ తేడాను అడిగి తెలుసుకోవాలి. కళాశాల ఇచ్చే ఐ-20 పత్రంలో కోర్సు సంకేత సంఖ్య ఉంటుంది. అదనపు గడువుకు అర్హత ఉన్నదీ లేనిదీ ఆ సంఖ్యే తేలుస్తుంది.

దరఖాస్తును కోర్సు ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తేదీ తర్వాత 60 రోజుల లోపల పంపాలి. అంతకు ముందు కళాశాలలోని విదేశీ విద్యార్థుల అధికారి సిఫారసు నమోదు చేయాలి. సిఫారసు జరిగిన 30 రోజులలోగా దరఖాస్తు చేరకపోతే అది చెల్లదు. అనుమతి కార్డు చేతికి వచ్చి, దానిపై ఉన్న ప్రారంభ తేదీ వచ్చేదాకా ఒక్క రోజు కూడా పని చేయరాదు. చేసే పని చదివిన విషయానికి సంబంధించినదై, వారానికి కనీసం 20 గంటలు ఉండాలి. పెట్రోలు బంకులోనో, దుకాణంలోనో చేసే కొలువు లెక్కకు రాదు. అదనపు 24 నెలలకు యజమాని ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదై ఉండి, శిక్షణ ప్రణాళికపై సంతకం చేయాలి.

అన్నిటికంటే కఠినమైన నియమం మరొకటి. కార్డు ప్రారంభ తేదీ నుంచి మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండరాదు. అదనపు గడువు పొందిన వారికి రెండు దశలూ కలిపి 150 రోజులు. ఇక్కడే ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన రుణానికి ఆస్తి హామీ పెట్టాలి. చదువు కాలం, ఆపైన ఒక్క సంవత్సరం వాయిదాలు కట్టనవసరం లేదు. ఆ ఒక్క సంవత్సరమూ ఓపీటీ తొలి సంవత్సరమూ దాదాపు ఒకటే. ఉద్యోగం వెదకడంలో మూడు నెలలు గడిచిపోతే, హామీగా పెట్టిన ఇంటి పత్రాలను విడిపించడానికి సంపాదించే వ్యవధిలోనుంచి ఆ మేరకు తరిగినట్లే. వడ్డీ మాత్రం ఆగదు.

ఓపీటీ ముగిశాక అక్కడే ఉద్యోగంలో కొనసాగడానికి ఎక్కువమంది ఎంచుకునే హెచ్-1బి వీసాలకు ఏటా 85 వేల పరిమితి ఉంది. కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుమును 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అమెరికాలో ఉంటూనే హోదా మార్చుకునే విద్యార్థులకు అది వర్తించదని ఆ మరుసటి నెలలో వివరణ వెలువడింది. ఓపీటీకి కూడా ఆధారం ప్రభుత్వ నియమమే గాని, దాని కోసమే చేసిన చట్టం కాదు. దానిని సవాలు చేసిన వ్యాజ్యాన్ని 2023లో అక్కడి సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించలేదు. అయితే నియమాన్ని మార్చే ప్రతిపాదన 2025లో ప్రభుత్వ కార్యసూచికలో చేరింది.

పెళ్ళికో, కర్మకాండకో ఇంటికి వచ్చే వారు

ఓపీటీలో ఉన్న కుమారుడు అక్క పెళ్ళికి వచ్చి, పాస్‌పోర్టులోని వీసా గడువు తీరిపోయి ఉంటే, తిరుగు ప్రయాణానికి మళ్లీ ఇంటర్వ్యూకు నిలబడవలసిందే. అనుమతి కార్డు, ఉద్యోగ పత్రం, ఆరు నెలల లోపు కళాశాల అధికారి సంతకం చేసిన ఐ-20 వెంట ఉండాలి. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు చాలావరకు రద్దయ్యాయి. ఆ డిసెంబరులో సామాజిక మాధ్యమాల తనిఖీ కారణంగా హెచ్-1బి ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడి, సెలవుకు వచ్చిన ఉద్యోగులు అనేకులు ఇక్కడే చిక్కుకున్నారు. ముహూర్తం పెట్టేముందు పిల్లవాడి వీసా తేదీ కూడా చూడడం మేలు.

తెలుగు పిల్లలు చెల్లించిన మూల్యం

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై దాడి జరిగినప్పుడు నష్టపోయిన వారిలో అధికులు తెలుగు విద్యార్థులే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని వలస నేరాలను పట్టుకోవడానికి అధికారులే నెలకొల్పారు. అక్కడ తరగతులే లేవు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై కేసులు పెట్టారు. 2020 అక్టోబరులో, ఉనికిలో లేని కంపెనీలలో ఓపీటీ ఉద్యోగం చేస్తున్నట్లు చూపినందుకు 15 మందిని పట్టుకోగా, వారిలో 11 మంది భారతీయులు. తరగతికి వెళ్లకుండానే మొదటి రోజు నుంచి పని చేసుకోవచ్చని, లేదా ఓపీటీకి కంపెనీ పేరు తామే సమకూరుస్తామని ఎవరు చెప్పినా ఈ మూడు ఉదంతాలూ గుర్తు చేసుకోవాలి. శిక్ష పడేది సలహా ఇచ్చినవాడికి మాత్రమే కాదు.

ఇతర దేశాల సంగతి

కెనడాలో చదువు తర్వాతి అనుమతి గరిష్ఠంగా మూడేళ్లు. ఫలితాలు వచ్చిన 180 రోజులలో కోరాలి. 2024 నవంబరు 1 నుంచి భాషా పరీక్ష తప్పనిసరి కాగా, కళాశాల డిప్లొమాలకు కోర్సు విషయంపై కూడా నిబంధన వచ్చింది. అన్ని కళాశాలలకూ ఈ అనుమతి వర్తించదు. బ్రిటన్ 2012లో మూసివేసిన అవకాశాన్ని 2021 జూలైలో తిరిగి తెరిచి రెండేళ్లు ఇస్తున్నది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి పద్దెనిమిది నెలలే. పీహెచ్‌డీ వారికి మాత్రం మూడేళ్లు. ఆస్ట్రేలియాలో 2024 జూలై నుంచి సాధారణ వయోపరిమితి 35 ఏళ్లు.

విదేశంలో కష్టం ఎదురైన విద్యార్థి గానీ, ఇక్కడి తల్లిదండ్రులు గానీ విదేశాంగ శాఖ వారి మదద్ వేదికలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇందుకు రుసుము లేదు. పాస్‌పోర్టు, ఐ-20, అనుమతి కార్డుల నకళ్లు ఊరిలోని ఇంటి బీరువాలో కూడా ఒక జత ఉంచుకుంటే ఆ సమయంలో వెదుకులాట తప్పుతుంది.