ఇంగ్లీషు ప్రశ్నలో మర్యాద యెక్కడ నున్నది?



జహీరాబాదు ప్రాంతమువారికి పలు భాషలు వినుట క్రొత్త కాదు. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీ వరకు ఆ తాలూకా హైదరాబాదు రాష్ట్రమున బీదరు జిల్లాలో చేరి యుండెను. ఆనాడే నిర్ణా సర్కిలు దక్క తక్కిన భాగము ఆంధ్రప్రదేశములో కలిసెను. ఇంట తెలుగో కన్నడమో, బజారున ఉర్దూ, అంగడికి వచ్చిన బేరగాని నోట మరాఠీ. నిజాము ప్రభుత్వపు కచేరీలలో 1884 వరకు పారసీకము, పిమ్మట ఉర్దూ రాజ్యమేలినవి. మాటకు మాట మర్యాద తెలిసిన యీ పెద్దలు ఇంగ్లీషును గూర్చి యొక సందేహ మడుగుచుందురు: “రాజునకును ‘యూ’, కూలివానికిని ‘యూ’. ఇట్టి భాషలో గౌరవముగా ప్రశ్నించు టెట్లు?” సందేహము న్యాయమైనదే. సమాధానము చరిత్రలో నున్నది.

ఇంగ్లీషువారికిని ఒకప్పుడు ‘నీవు’ ఉండెను. దానిని ‘థౌ’ అనిరి. ‘యూ’ యనునది మొదట బహువచనము. పదమూడవ శతాబ్దము మొదలు, ఫ్రెంచివారి మర్యాద ననుసరించి, ఒక్క పెద్దమనిషినైనను బహువచనముతో సంబోధించుట వారి కలవడెను. మనము ‘మీరు’ అన్నట్లే. 1603లో సర్ వాల్టర్ రాలీపై రాజద్రోహపు విచారణ జరిగినపుడు ప్రభుత్వపక్షమున వాదించిన ఎడ్వర్డ్ కోక్ నిండుసభలో ఆయనను బుద్ధిపూర్వకముగా ‘థౌ’ అని పిలిచెను. తలనెరసిన పటేలును కచేరీ జవాను ‘ఏరా’ యన్నచో నెట్లుండునో అట్లుండెను. ఆ శతాబ్దపు నడిమిభాగమున జార్జి ఫాక్సు ననుసరించిన క్వేకరులు, దేవుని యెదుట నెల్లరు సమానులే యని యెంచి, అధికారులను సైతము ‘థౌ’ అనియే పలికిరి; అందుకు తిట్లును దెబ్బలును తినిరి. ఆ శతాబ్దము ముగియునాటికి సామాన్య సంభాషణనుండి ‘థౌ’ చాలవరకు తొలగిపోయెను. కాబట్టి ఇంగ్లీషువారు పోగొట్టుకొన్నది ‘మీరు’ కాదు, ‘నీవు’! నేడు వారు కూలివానిని గూడ ‘మీరు’ అనియే పిలుచుచున్నారు.

అందరికిని ఒకే పిలుపైన పిదప, వినయమునకు వేరుచోటు కావలసివచ్చెను. ఆ చోటు క్రియాపదము. ‘కెన్’ అనుదానికి ‘కుడ్’ భూతకాలరూపము. ‘విల్’ అనుదానికి ‘వుడ్’ అట్టిది. ఇప్పటి పనినే జరిగిపోయినదాని రూపమున అడిగినచో, అడుగువాడు ఒక యడుగు వెనుకకు వేసినట్లగును. ‘గివ్ మీ ద పేపర్’ అనుట ఆజ్ఞ. దానికి ‘ప్లీజ్’ చేర్చినను మెత్తబడిన యాజ్ఞయే. ‘కుడ్ యూ గివ్ మీ ద పేపర్?’ అన్నచో నది ప్రశ్న. కాదనుటకు ఎదుటివానికి త్రోవ యున్నది. ‘ప్లీజ్’ అనునదియు ‘మీకు ఇష్టమైనచో’ అను పెద్దమాట కురుచయై మిగిలినదే. మన ‘దయచేసి’ యెదుటివాని దయను కోరును. వారిది వాని యిష్టమును కోరును. త్రోవ తెలియనపుడు ‘వేర్ ఈజ్ ద బస్‌స్టాండ్?’ అని మొగమునకు కొట్టినట్లడుగక, ‘కుడ్ యూ టెల్ మీ వేర్ ద బస్‌స్టాండ్ ఈజ్?’ అందురు. ఇచట ‘ఈజ్’ చివరకు పోయినది గమనింపుడు. తెలుగువానికి క్రియ చివర నుండుట సుఖమే గదా!

ఈ డొంకతిరుగుడు మనకు తెలియనిదియు గాదు. ప్రయాణమై వెడలువానిని ‘ఎక్కడికి’ అని మన మడుగము, ‘ఎంతదూరము?’ అందుము.

మరి ఇంగ్లీషనగానే మనవారికి చేతులు కట్టుకొని నిలుచు బుద్ధి యేల పుట్టెను? మొదట నట్లు లేదు. 1798 మొదలు 1805 వరకు హైదరాబాదున రెసిడెంటుగా నుండిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ పారసీకము నేర్చి, ఇచటి దర్బారు మర్యాదలు పాటించెను. ఆనాడు నేర్చుకొనవలసినవారు దొరలే. మదరాసు సుప్రీముకోర్టున సాక్షి మాటను న్యాయాధిపతికి, న్యాయాధిపతి ప్రశ్నను సాక్షికి చేరవేయుటకు ఏనుగుల వీరాస్వామయ్య వంటి ద్విభాషులుండిరి. ఈయన 1830లో కాశికి పోవుచు హైదరాబాదు మీదుగా పోయెను. కుంపెనీవారు 1837లో తమ కచేరీలనుండి పారసీకమును తొలగింప నుద్యమించిన పిదప, ఇంగ్లీషు అర్జీల బలము హెచ్చెను. ‘ఐ బెగ్ టు స్టేట్’ అని మొదలు, ‘యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్’ అని ముగింపు. దొరలు తమలో తాము వ్రాసికొనునపుడును ఈ ముగింపు వాడుచుండిరి. వారికది వట్టి యాచారము. మన అర్జీదారులు దానిని అక్షరాల నమ్మిరి. నా తలంపున, నోటి యింగ్లీషున నేటికిని ‘సర్, సర్’ అని పదింతలు పలుకుటకు మూల మీ యర్జీయే. ఒక్క ‘కుడ్’ చేయుపనిని పది ‘సర్’లు చేయజాలవు.

ఉర్దూ పద్ధతి వేరు. పేరడుగునపుడు ‘ఇస్మె షరీఫ్’ అందురు. ఎదుటివాని యిల్లు ‘దౌలత్‌ఖానా’, తనది ‘గరీబ్‌ఖానా’. మన దేశపు ఇంగ్లీషున ‘వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్?’ అని వినబడుట ఇట్టి గాలి సోకియే కాబోలు. ఇంగ్లండున నిట్లడుగరు; ‘మే ఐ ఆస్క్ యువర్ నేమ్?’ అందురు. అయినను ‘గుడ్ నేమ్’ను నేను తప్పుపట్టను. అందు మన యింటి వాసన యున్నది.

జాగ్రత్తపడవలసిన దొక్కటి కలదు. రైలులో నెవరైన ‘వుడ్ యూ మైండ్ మూవింగ్ ఎ లిటిల్?’ అని యడిగినచో, ‘కొంచెము జరుగుటకు మీకు అభ్యంతరమా?’ అని యర్థము. మంచితనముతో ‘యస్’ అన్నచో, అభ్యంతరమున్నదని చెప్పినట్లగును. ‘నో, నాట్ ఎట్ ఆల్’ అని జరిగి కూర్చుండవలెను.