చిన్న సినిమా: తీయడం ఒక కథ, విడుదల మరో కథ
('సినిమా బండి', 'కేరాఫ్ కంచరపాలెం' చిత్రాల పరిశీలన)

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.

• డిజిటల్ కెమెరా రాకతో ఔత్సాహికుల సినిమా నిర్మాణం ఎలా సాధ్యమైందో వివరించగలుగుతారు.
• సినిమా నిర్మాణాన్నీ విడుదలనూ రెండు వేరు వేరు చారిత్రక దశలుగా గుర్తించగలుగుతారు.
• 'సామాన్యులు తీసిన సినిమా' అనే మాటలో ఎంత నిజం ఉందో విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

6.1 పరిచయం

మీ ఊళ్ళోనో, మీ వీధిలోనో ఎవరో ఒకరు సెల్‌ఫోనుతో చిన్న సినిమా తీసే ఉంటారు. దాన్ని మీరు చూశారా? మీ జిల్లా కేంద్రంలోని థియేటరులో అది ఆడిందా? మొదటి ప్రశ్నకు కొందరైనా 'అవును' అంటారు. రెండో ప్రశ్నకు దాదాపు అందరి సమాధానం 'లేదు' అనే ఉంటుంది. ఈ రెండు సమాధానాల మధ్య ఉన్న దూరమే ఈ పాఠం విషయం.

సినిమా చరిత్ర రాసేవారు సాధారణంగా తారల గురించి, దర్శకుల గురించి, వసూళ్ళ గురించి రాస్తారు. సినిమా ప్రేక్షకుని దాకా ఏ దారిలో వచ్చింది, ఆ దారి తాళం ఎవరి చేతిలో ఉంది అనే ప్రశ్నలు వెనుకబడిపోతాయి. ఈ ప్రశ్నలను రెండు తెలుగు చిత్రాల ద్వారా పరిశీలిద్దాం. ఒకటి, సినిమా అంటే ఏమీ తెలియని పల్లెవాసులు సినిమా తీయబోతే ఏమవుతుందో చెప్పిన హాస్యచిత్రం 'సినిమా బండి' (2021). రెండోది, నటనతో పరిచయం లేని విశాఖపట్నం వాసులతోనే తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018). మొదటిది ఔత్సాహికుల గురించిన కథ. రెండోది ఔత్సాహికులే కథగా నిలిచిన ప్రయత్నం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది.

6.2 విశాఖపట్నం: తెరపై కనిపించిన సగం, కనిపించని సగం

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' నినాదంతో 1966లో సాగిన ఉద్యమం తరువాత, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. రేవు, రైల్వే, ఉక్కు ఈ నగరాన్ని శ్రామికుల నగరంగా మార్చాయి. అయితే వెండితెరకు ఎక్కువగా తెలిసిన విశాఖ వేరు. కె. బాలచందర్ 'మరో చరిత్ర' (1978), జంధ్యాల 'చంటబ్బాయ్' (1986) వంటి చిత్రాలకు ఇక్కడి తీరం, కొండ, రోడ్లు అందమైన నేపథ్యమయ్యాయి. యూనిట్ మద్రాసు నుంచో హైదరాబాదు నుంచో వచ్చేది, కెమెరా సముద్రం వైపు తిరిగేది, షూటింగ్ ముగిశాక వెళ్ళిపోయేది.

కంచరపాలెం సముద్రం వైపు ఉన్న పేట కాదు. రైల్వే లైన్లకూ పారిశ్రామికవాడకూ దగ్గరగా ఉన్న పాత పేట. పర్యాటకుల చిత్రపటంలో దానికి చోటు లేదు. అలాంటి పేట పేరే ఒక సినిమాకు పేరు కావడం, అదీ ఉత్తరం మీద చిరునామా రాసినట్టు 'కేరాఫ్' అని రాయడం, తెలుగు సినిమా భూగోళంలో చిన్న మార్పు కాదు.

ఈ ప్రాంతానికి ఔత్సాహిక కళ కొత్తది కాదనే విషయం కూడా గుర్తుంచుకోండి. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' తొలి ప్రదర్శన జరిగిన నాటి నుంచి ఉత్తరాంధ్రలో నాటకానికి గట్టి సంప్రదాయం ఉంది. పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సల్ అనే పద్ధతి ఇక్కడ తరాలుగా సాగింది. డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ నాటకాలాడిన జె.వి. సోమయాజులు 'శంకరాభరణం'తో దేశమంతా తెలిసినవారయ్యారు. తరువాతి తరానికి నాటకాల పరిషత్తుల స్థానంలో యూట్యూబ్ వచ్చింది. విశాఖకు చెందిన హర్ష చెముడు 'వైవా' అనే హాస్య లఘుచిత్రంతో ఎంత ప్రసిద్ధుడయ్యాడంటే, ఆ చిత్రం పేరే అతని ఇంటిపేరులా స్థిరపడిపోయింది.

6.3 రీలు నుంచి మెమరీ కార్డుకు

ఔత్సాహికులు పూర్తి నిడివి సినిమా తీయడం ఒకప్పుడు ఎందుకు కష్టమో చిన్న లెక్కతో చూద్దాం. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే 1000 అడుగుల రీలు సుమారు 11 నిమిషాలకే అయిపోతుంది. రెండు గంటల సినిమాకు 10,800 అడుగులు కావాలి. కొత్త నటులకు ప్రతి షాటుకూ సగటున 5 టేకులు పడితే 54,000 అడుగుల నెగెటివ్ ఖర్చవుతుంది. దానికి ల్యాబ్ ఖర్చు అదనం. అంటే కొత్త నటుడు చేసే ప్రతి తప్పుకూ నిర్మాత డబ్బు చెల్లించాలి. తప్పు చేయని నటుడే చవక. అనుభవం లేనివారికి తలుపులు మూసింది వారిపై చిన్నచూపు ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా.

2008లో పూర్తి హెచ్‌డీ వీడియో తీయగల కెనాన్ 5డి మార్క్ 2 వంటి స్టిల్ కెమెరాలు వచ్చాయి. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు చేతిలోకి సినిమాకు పనికివచ్చే పరికరం చేరింది. మెమరీ కార్డులో తప్పు టేకును చెరిపివేసి మళ్ళీ తీయవచ్చు. తప్పు చేయడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నాకు పడిపోయింది. ఎన్నడూ కెమెరా ముందు నిలబడని మనిషికి నేర్చుకునే సమయం దొరికింది. ఈ పాఠంలోని రెండు చిత్రాలనూ ఈ మార్పు వెలుగులోనే చూడాలి.

6.4 'కేరాఫ్ కంచరపాలెం': ఒక పేట నటించిన సినిమా

వెంకటేష్ మహా తన తొలి చిత్రంగా దీన్ని రూపొందించారు. అమెరికాలో హృద్రోగ వైద్యురాలైన పరుచూరి విజయ ప్రవీణ నిర్మాతగా వ్యవహరించారు, ఇందులో సలీమా పాత్ర కూడా ధరించారు. నటించినవారిలో ఎనభై మందికి పైగా కంచరపాలెం పరిసరాలకు చెందిన, నటన వృత్తి కాని మనుషులే. బడి పిల్లల ఇష్టం నుంచి, 49 ఏళ్ళు వచ్చినా పెళ్ళికాని అటెండరు రాజు ప్రేమ వరకు నాలుగు కథలు ఇందులో సాగుతాయి. మతం, కులం, వృత్తి, వయసు ఒక్కో కథలో ఒక్కో అడ్డుగోడ.

ఈ చిత్రంలోని నటన గురించి తరచుగా వినిపించే మెచ్చుకోలు 'చాలా సహజంగా ఉంది' అన్నది. ఈ మాట దగ్గర మీరు కొంచెం ఆగాలి. సహజంగా ఉండటం తనంతట తానే జరిగిపోదు. కెమెరా ఎదుట, పదిమంది చూస్తుండగా, అదే మాటను అదే తీరుగా పదేపదే పలకడం శ్రమ. 'సహజం' అన్న పొగడ్త ఆ శ్రమను కనబడకుండా చేస్తుంది. వృత్తి నటుడు బాగా చేస్తే 'నటించాడు' అంటాం, పేటవాసి బాగా చేస్తే 'ఉన్నట్టే ఉన్నాడు' అంటాం. చరిత్ర విద్యార్థి ఈ తేడాను గమనించాలి.

ఇక విడుదల సంగతి. ఈ చిత్రం 2018లో న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రదర్శనకు ఎంపికైంది. సురేష్ ప్రొడక్షన్స్ దీన్ని చేపట్టి, రానా దగ్గుబాటి సమర్పణలో 2018 సెప్టెంబరు 7న థియేటర్లకు తెచ్చింది. అనంతరం 2021లో ఇది తమిళంలో 'కేరాఫ్ కాదల్'గా పునర్నిర్మితమైంది.

క్రమాన్ని గమనించండి. కంచరపాలెంలో తయారైన సినిమా కంచరపాలెం దగ్గరి థియేటరుకు నేరుగా వెళ్ళలేదు. న్యూయార్క్ మీదుగా, హైదరాబాదులోని ఒక పెద్ద సంస్థ చేతుల మీదుగా తిరిగి వచ్చింది. తీయడానికి పేట సరిపోయింది. చూపించడానికి సరిపోలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ఫిల్ము రీలు కాలంలో కొత్త నటులతో సినిమా తీయడం ఎందుకు ఖరీదైన పని? మీ మాటల్లో ఐదు వాక్యాలలో రాయండి.

6.5 'సినిమా బండి': తెలియనితనంలోని హాస్యం

ఇప్పుడు హాస్యచిత్రం దగ్గరకు వద్దాం. దీనికి దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల, రచయిత వసంత్ మరింగంటి. ఆంధ్రప్రదేశ్–కర్ణాటక సరిహద్దు పల్లెల నేపథ్యంలో, అక్కడి యాసలో కథ నడుస్తుంది. గొల్లపల్లిలో ఆటో నడుపుకునే వీరబాబుకు తన ఆటోలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. తక్కువ ఖర్చుతో తీసిన చిన్న సినిమాలు కోట్లు సంపాదిస్తున్నాయని టీవీలో చూసిన అతనికి ఒక ఆలోచన వస్తుంది: మనమూ ఒక సినిమా తీస్తే ఊరు బాగుపడదా? ఊళ్ళో పెళ్ళి ఫోటోలు తీసే గణపతి కెమెరామన్ అవుతాడు. క్షౌరశాల నడిపే మరిడేశ్ హీరో అవుతాడు. కథానాయికగా అనుకున్న అమ్మాయి ప్రేమించినవాడితో వెళ్ళిపోతుంది. కూరగాయలు అమ్మే మంగ ఆ స్థానంలోకి వస్తుంది. కెమెరా పోగొట్టుకున్న యువతి మరోవైపు దాన్ని వెతుకుతూ ఉంటుంది. ముగింపును మీరు చూసి తెలుసుకోవడమే మంచిది.

ఇందులో నవ్వు ఎక్కడి నుంచి పుడుతుంది? ఒక సన్నివేశానికీ దాని కొనసాగింపుకూ మధ్య దుస్తులు మారకూడదన్న సంగతి ఈ బృందానికి తెలియదు. సినిమావారు 'కంటిన్యుటీ' అని పిలిచే ఈ నియమాన్ని ఊరి పిల్లవాడొకడు పట్టుకుంటాడు. మనం నవ్వుతాం. అయితే ఆ నవ్వుతోపాటు మనకూ ఒక పాఠం అందుతుంది. సినిమా చూస్తూ పెరిగిన మనలో ఎంతమందికి ఆ నియమం తెలుసు? చూడటం వేరు, తీయడం వేరు అన్న సంగతి గొల్లపల్లివారితోపాటు ప్రేక్షకుడూ తెలుసుకుంటాడు. అందుకే ఇది పల్లెవాసులను వెక్కిరించే హాస్యంగా మారలేదు.

ఇలాంటి కథలకు ప్రపంచంలో బంధువులున్నారు. మహారాష్ట్రలోని మరమగ్గాల పట్టణం మాలేగావ్‌లో స్థానికులు ప్రసిద్ధ చిత్రాలకు హాస్యానుకరణలు తీసేవారు. వారిపై ఫైజా అహ్మద్ ఖాన్ 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' అనే డాక్యుమెంటరీ తీశారు. మాలేగావ్‌వారు నిజమైన ఔత్సాహికులు. గొల్లపల్లివారు కల్పిత పాత్రలు. ఆధారాలను పరిశీలించేటప్పుడు ఈ తేడాను ఎప్పుడూ మరవకూడదు.

6.6 గొల్లపల్లి సినిమాను ఎవరు విడుదల చేశారు?

'సినిమా బండి'ని నిర్మించినవారు రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. 'రాజ్ అండ్ డీకే'గా ప్రసిద్ధులైన ఈ ఇద్దరు తెలుగువారు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ సినిమా వైపు వచ్చారు. వారి తొలి చిత్రం 'ఫ్లేవర్స్' (2003) అలా పుట్టిందే. అంటే ఔత్సాహికుల కథకు పెట్టుబడి పెట్టినవారు ఒకప్పటి ఔత్సాహికులే. 2021 నాటికి మాత్రం వారు 'ది ఫ్యామిలీ మ్యాన్' వంటి సిరీస్‌తో హిందీ రంగంలో స్థిరపడినవారు.

చిత్రం 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. అది కోవిడ్ రెండో విడత ఉద్ధృతంగా ఉన్న సమయం, తెలుగు రాష్ట్రాలలో థియేటర్లు మూతపడిన సమయం. థియేటరు పద్ధతిలో చిన్న చిత్రానికి ఉండే ఇబ్బందులు మీరు ఊహించవచ్చు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అంటూ ఏరియాల వారీగా పంపిణీదారులను ఒప్పించాలి. అద్దెలు కట్టాలి. మంచి వేళకు ఆట దొరకాలి. మొదటి మూడు రోజులలోనే జనం రావాలి. ఓటీటీలో ఈ మెట్లు లేవు. ఒకే రోజు, ఉపశీర్షికలతో, అనేక దేశాలలో సినిమా అందుబాటులోకి వచ్చింది.

దీన్ని చూసి తలుపు తెరుచుకుందని అనవచ్చా? సగమే అనాలి. పాత తలుపు దగ్గర పంపిణీదారు నిలబడేవాడు. కొత్త తలుపు దగ్గర వేదిక నిర్ణయాధికారులు నిలబడ్డారు. పేరున్న నిర్మాతలు తోడుంటే ఆ తలుపు తెరుచుకుంటుంది. వీరబాబు స్వయంగా వెళ్ళి తట్టి ఉంటే తెరుచుకునేదా అన్నది ఈ చిత్రం మన చేతిలో పెట్టే ప్రశ్న. పైగా గొల్లపల్లి లాంటి ఊళ్ళో నెట్‌ఫ్లిక్స్ చందా కట్టేవారు ఎందరు? ఎవరి గురించి తీశారో వారికే ఆ సినిమా అందకపోయే అవకాశం కొత్త పద్ధతిలోనూ ఉంది.

ఇదే దర్శకుడు, ఇదే రచయిత తరువాత చేసిన 'శుభం' చిత్రం 2025 మే 9న థియేటర్లలోకి వచ్చింది. దాని కథాస్థలం విశాఖపట్నం పక్కనున్న భీమునిపట్నం. కథానాయకుడు కేబుల్ టీవీ ఆపరేటరు. బొమ్మను తీసేవారి గురించి ఒక చిత్రం, దాన్ని ఇంటింటికీ చేర్చేవాడి గురించి మరొకటి! ఈ పాఠంలోని రెండు దశలూ అనుకోకుండా వారి రెండు హాస్యచిత్రాలలో కనిపించడం విశేషం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
థియేటరు విడుదలకూ ఓటీటీ విడుదలకూ మధ్య చిన్న చిత్రానికి సంబంధించి రెండు పోలికలు, రెండు భేదాలు రాయండి.

6.7 సారాంశం

డిజిటల్ కెమెరా తప్పు చేయడానికి అయ్యే ఖర్చును తగ్గించి, అనుభవం లేనివారికి సినిమా తీసే అవకాశం ఇచ్చింది. 'కేరాఫ్ కంచరపాలెం'లో ఒక శ్రామిక పేట ఆ అవకాశాన్ని వాడుకుంది. 'సినిమా బండి' ఆ అవకాశాన్నే హాస్యకథగా మలిచింది. అయినా రెండు చిత్రాలూ ప్రేక్షకుని చేరడానికి పేరున్న సంస్థల, నిర్మాతల తోడ్పాటు అవసరమైంది. కెమెరా అందరి చేతికీ వచ్చింది, తెర మాత్రం ఇంకా అందరిదీ కాలేదు. కాబట్టి 'సామాన్యుల సినిమా' అన్న మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయడం అలవాటు చేసుకోండి: ఎవరు తీశారు? ఎవరు విడుదల చేశారు? చివరికి ఎవరు చూడగలిగారు?

6.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. సినిమా నిర్మాణం, విడుదల రెండు వేరు చారిత్రక దశలని 'కేరాఫ్ కంచరపాలెం' ఆధారంగా నిరూపించండి.
2. 'సినిమా బండి'లోని హాస్యం స్వభావాన్ని వివరించండి.
3. అభ్యాసం: మీ ప్రాంతంలో తీసిన ఒక లఘుచిత్రాన్ని ఎంచుకోండి. దాని టైటిల్ కార్డులలోని పేర్లు, వారి వృత్తులు, చిత్రాన్ని చూపిన వేదిక వివరాలు సేకరించి రెండు పేజీల వ్యాసం రాయండి. టైటిల్ కార్డు కూడా చారిత్రక ఆధారమేనని, దానిపై లేని పేర్లు కూడా చరిత్రలో భాగమేనని గుర్తుంచుకోండి.