కుమాయూన్ కొండలలో అడవి పంచాయతులు

1921 వేసవిలో కుమాయూన్ కొండలు తగులబడినవి. హిమాలయ ప్రాంతములో ఎండకాలమున అడవి అంటుకొనుట వింత కాదు. కాని ఆ యేటి మంటలలో అనేకము మనుష్యులు కావలెనని పెట్టినవి. ఆలోచింపదగిన విషయ మేమనగా, కాలినవి చాలవరకు చీడ్ అని అచ్చటివారు పిలుచు సరళవృక్షముల వనములు. అదే ప్రభుత్వము అధీనములో నున్న వెడల్పాకుల అడవుల జోలికి ఎవరును పోలేదు.

ఈ భేదమునకు కారణము తెలిసికొనవలెనన్న ఆ చెట్లను గూర్చి కొంత చెప్పవలెను. చీడ్ నుండి ప్రభుత్వమునకు కలపయు, టర్పెంటైను తీయు జిగురును లభించును. ఓక్ జాతికి చెందిన బాంజ్ వృక్షము వలన ఖజానాకు వచ్చునది స్వల్పము. పల్లెవాసులకు మాత్రము దాని ఆకు పశువులకు మేత, రాలిన ఆకు పొలమునకు ఎరువు. బాంజ్ వనముల దిగువన ఊటలు ఎండిపోవని కొండ స్త్రీల నమ్మకము. నీటికుండ మోయువారు వారే గదా. చీడ్ సూదులు పరచుకొన్న నేలపై గడ్డి సరిగా మొలవదు. అందుచేత వేసవిలో వానిని కాల్చి కొత్త గడ్డి రప్పించుకొనుట పూర్వాచారము. అటవీశాఖ దీనిని నేరముగా నిర్ణయించినది.

ఈ శాఖ 1864లో ఏర్పడినది. రైలుమార్గములకు స్లీపరు దుంగలు కావలసివచ్చి, సాలవనములు, దేవదారు వనములు వేగముగా తరిగిపోవుట చూచి ప్రభుత్వము బ్రాండిస్ అను జర్మను నిపుణుని మొదటి అటవీ ఇన్‌స్పెక్టరు జనరలుగా నియమించినది. భయము నిజమైనదే. అయితే 1878 చట్టము అడవిని కాపాడు మార్గముగా ఎంచుకొన్నది పల్లె హక్కులను కుదించుటను. అందులో గ్రామారణ్యములను గూర్చి ఒక అధ్యాయము లేకపోలేదు. అది దాదాపు కాగితముపైనే నిలిచిపోయినది. చెన్నపట్టణ ప్రభుత్వము సైతము ఈ చట్టమును వెంటనే అంగీకరింపక, 1882లో వేరుగా చట్టము చేసికొన్నది.

కుమాయూన్‌లో గ్రామముల ఎల్లలు 1823 నాటి ఏర్పాటులో నిర్ణయమైనవి. అది విక్రమ సంవత్సరము 1880. అందుచేత జనులు వానిని ‘అస్సీ సాల్’ ఎల్లలనిరి. ‘ఎనుబదియవ యేడు’ అని తెనిగించితిమేని అర్థము వచ్చును గాని, తాతల కాగితమన్న ధీమా రాదు. ఆ ఎల్లల లోపలి అడవి తమదేయని ఊరివారి విశ్వాసము. 1893లో సాగులో లేని భూమినెల్ల ప్రభుత్వము రక్షితారణ్యముగా ప్రకటించినది. 1911–17 మధ్య విశాల భాగములను రిజర్వు చేసి, పశువుల సంఖ్యకు, కొమ్మలు నరుకుటకు మితి విధించినది. దీనికి తోడు దొరల సామాను మోయు వెట్టి ఉండనే ఉన్నది. 1921 జనవరిలో ఉత్తరాయణ పర్వమునాటి బాగేశ్వర్ తిరునాళ్లలో జనులు ఆ వెట్టి పుస్తకములను సరయూ నదిలో విసరివేసిరి. వేసవిలో అడవులు రగిలినవి. ఆ కాలముననే మన పలనాటిలో పుల్లరి కట్టమని రైతులు తిరుగబడుట, 1922లో కన్నెగంటి హనుమంతు కాల్పులలో మరణించుట తెలుగు పాఠకులు ఎరిగినదే.

ప్రభుత్వము వెనుదీసి, కమిషనరు విండ్‌హాము అధ్యక్షతన ఒక సంఘమును వేసినది. దాని సలహా మేరకు వ్యాపార విలువ లేని అడవులను శాఖ అదుపు నుండి తొలగించిరి. కాని అవి ఊరికి దఖలుపడలేదు; పేరునకు రెవిన్యూ శాఖవి, ఆచరణలో ఎవరివియు కావు. అందరును నరకిరి, ఎవరును కాయలేదు. పల్లె సహజముగనే అడవిని ప్రేమించునని వ్రాయు నేటి రచయితలు ఈ ఘట్టమును దాటవేయుదురు.

1931 నియమములతో వన పంచాయతులు పుట్టినవి. గ్రామస్థులు ఎన్నుకొనిన కొలదిమంది పంచులు తమ ఎల్లలోని అడవిని పాలింతురు. పలు గ్రామములలో వానలు వెనుకబడిన పిమ్మట గడ్డికోతకు దినములు నిర్ణయించి, ఇంటికొకరు చొప్పున కొడవలితో పోనిత్తురు. కావలివాని జీతమునకు ఇంటింట చందా. దొంగచాటుగా కొమ్మ నరకినవాని గొడ్డలి పంచాయతు వశమగును. జరిమానా కట్టి విడిపించుకొనవలెను. నేరగాడు పొరుగింటివాడే కనుక జరిమానా స్వల్పము, సిగ్గు అధికము. నేడు ఉత్తరాఖండ్‌లో ఇట్టి పంచాయతులు 11 వేలకు పైగా ఉన్నవి. 2009లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, వాని అడవులు ప్రభుత్వారణ్యములకన్న హీనముగా లేవు. వ్యయము మాత్రము సుమారు పదవ వంతు.

స్వతంత్ర భారతములో వీని బలము పెరుగవలసినది. 1976 నియమములు అమ్మకముల ఆదాయమును అటవీశాఖకును జిల్లా పరిషత్తునకును పంచిపెట్టినవి. 2001, 2005 నియమములతో శాఖ అజమాయిషీ ఇంకను హెచ్చినది. 2005లో స్త్రీలకు స్థానములు కేటాయించుట మెచ్చదగినదే. కాని గడ్డిమోపు మోయు ఆమె పంచాయతులో కూర్చుండు నాటికి, ఆ పంచాయతు నిర్ణయింపగలిగినది కొంత తరిగిపోయినది.

2016లోను 2024లోను ఆ కొండలపై చీడ్ వనములు మరల భీకరముగా కాలినవి. 1927 అటవీ చట్టము 79వ సెక్షను ప్రకారము, రిజర్వు అడవిలో ఏ హక్కును అనుభవించువాడైనను మంట ఆర్పుటకు అధికారికి తోడ్పడి తీరవలెను. పచ్చికొమ్మలు చేతబట్టి కొండ యెక్కినవారు ఆ సెక్షను సంఖ్య ఎరుగరు. మంట దిగువకు పాకినచో మొదట అంటుకొనునది వారి గడ్డివామి.