తెర మీద ఎవరు, తెర వెనక ఎవరు? వీడియో కాన్ఫరెన్సు చరిత్రలో మన చోటు

పల్నాడు జిల్లా క్రోసూరు నుంచి రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి.

2023 జూన్ 12న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి మన క్రోసూరు వచ్చి, ఆ ఏటి విద్యాకానుక కిట్ల పంపిణీని ఇక్కడి నుంచే మొదలుపెట్టారు. మిర్చి, పత్తి తప్ప వేరే సంగతి మీద పెద్దగా పేరు వినపడని మన ఊరు ఆ రోజు రాష్ట్రమంతా తెరల మీద కనిపించింది. ఇలాంటి ఏ సభ జరిగినా మనవాళ్లు జనంలో ఉంటారు, కుర్చీలు మోసే చోట ఉంటారు, కర్రలు పాతే చోట ఉంటారు. కెమెరా దగ్గరా, సౌండ్ మిక్సర్ దగ్గరా, ఎల్ఈడీ తెర వెనకా, లింకు పంపే వ్యాన్ లోపలా వెతికితే మాత్రం మనకు తెలిసిన ముఖం ఎదురుపడటం అరుదు. ఈ పని ఎక్కడ పుట్టింది, మన గడప దాకా ఎట్లా వచ్చింది, వచ్చే దారిలో మనవాళ్లను ఎక్కడ తాకింది అనేదే ఈ పోస్టు.

బొమ్మతో మాట్లాడుకోవాలన్న ఆశ చాలా పాతది. 1927 ఏప్రిల్ 7న అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు వాషింగ్టన్‌లో ఉన్న మంత్రి హెర్బర్ట్ హూవర్ ముఖాన్ని తీగ మీద న్యూయార్క్‌కు పంపి చూపించారు. బొమ్మ ఒకవైపు నుంచే వెళ్లింది. మాట మాత్రం రెండువైపులా నడిచింది. 1936లో జర్మనీ తపాలా శాఖ బెర్లిన్ నుంచి లీప్‌జిగ్‌కు బొమ్మ ఫోను పెట్టింది, యుద్ధం వచ్చాక అది ఆగిపోయింది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఏటీ అండ్ టీ కంపెనీ పిక్చర్‌ఫోన్ చూపించింది. 1970లో పిట్స్‌బర్గ్‌లో దాన్ని అమ్మకానికి పెడితే నెలకు 160 డాలర్లు కట్టాలన్నారు. అంత కట్టి ఎవరు చూస్తారు? మూలన పడింది. ఈ ముచ్చట ఇంతటితో చాలు, మన దేశానికి వద్దాం.

1975 ఆగస్టు 1న మన దేశంలో సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా నాసా నుంచి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యాయి. ఏడాది పాటు సాయంత్రం పూట ఊరి జనం ఒకే పెట్టె ముందు కూర్చుని వ్యవసాయం, ఆరోగ్యం సంగతులు విన్నారు. గొప్ప పనే, కాదనం. కాని పల్లె వాళ్లకు చూడటమే తప్ప తిరిగి ఒక్క ప్రశ్న అడిగే వీలు ఆ పెట్టెలో లేదు.

ఇక్కడ శ్రీహరికోట గురించి ఆగి చెప్పుకోవాలి. మన పాఠ్యపుస్తకాల్లో రాకెట్టు బొమ్మ ఉంటుంది, కింద సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం అని ఉంటుంది. రాకెట్టు కంటే ముందు ఆ దీవిలో ఎవరున్నారన్నది ఉండదు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ఆ అడవి దీవి తరతరాలుగా యానాదుల చోటు. దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని, తేనె, మూలికలు, పుల్లలు ఏరుకుని బతికారు. ఏ మొక్క ఏ రోగానికి పనికొస్తుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. తూర్పున సముద్రం ఉంది, రాకెట్టు పడినా జనం మీద పడదు, భూమధ్యరేఖకు దగ్గర అన్నవి కారణాలు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. అడవిలో ఇష్టం వచ్చినట్టు తిరిగిన యానాదులకు కంచెలు, గేట్లు, పాసులు వచ్చాయి. ఎన్నో కుటుంబాలు చోటు మారాయి. ఉన్నవాళ్లలో చాలామంది కూలి పనుల్లోకి వెళ్లారు.

2004 సెప్టెంబరు 20న ఆ దీవి నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది. కేవలం చదువు కోసం మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. సైట్ నాటి పెట్టెలా కాదు, దూరాన ఉన్న పిల్లవాడు స్టూడియోలో ఉన్న మాస్టారిని తిరిగి ప్రశ్న అడగగలిగే ఏర్పాటు దాంట్లో ఉంది. అంటే పల్లె బడికి వీడియో కాన్ఫరెన్సు అన్నమాట. యానాదుల నేల మీద నుంచి దేశానికి పాఠాలు వెళ్లాయి. యానాదుల పిల్లల్లో ఎంతమంది ఆ స్టూడియోలో కెమెరా పట్టే స్థాయికి వచ్చారు? దేశద్రోహం మాట్లాడుతున్నాం అని ఎవరూ అనుకోవద్దు, రాకెట్టు చూస్తే మనకూ ఒళ్లు పులకరిస్తుంది. ఆ నేల ఇచ్చినవాళ్ల పేరు కూడా అదే పుస్తకంలో ఉండాలి అంటున్నాం, అంతే.

మళ్లీ అసలు దారికి వద్దాం. 1990ల చివర్లో హైదరాబాదు సచివాలయం నుంచి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జిల్లా కలెక్టర్లతో తెర మీద సమీక్షలు చేయడం అప్పట్లో పెద్ద వార్త. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు, చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు పెట్టిన టెలీమెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించారు. పల్లెలో రోగి, పట్నంలో డాక్టరు, మధ్యలో ఉపగ్రహ లింకు. ఈ రెంటిలో మనకు నచ్చేది అరగొండే. కలెక్టర్ల సమీక్షలో మాట పైనుంచి కిందికి వస్తుంది, అరగొండలో కింద ఉన్న మనిషి తన నొప్పి తానే చెప్పుకుంటాడు.

ఆ రోజుల్లో ఈ పని ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకు నమ్మబుద్ధి కాదు. ఐఎస్‌డీఎన్ అనే టెలిఫోను లైను ఒక్కోటి 128 కిలోబిట్లు మోసేది. బొమ్మ కాస్త తేటగా రావాలంటే అలాంటివి మూడు కలిపి 384 చేసేవాళ్లు. ఒక లైను తెగితే ఎదుటి మనిషి మూతి ఒకచోట, మాట ఒకచోట. కోడెక్ అనే పెట్టె బొమ్మను కుదించి పంపి, అవతల మళ్లీ విప్పేది. గదిలో స్పీకరు నుంచి వచ్చిన మాట మళ్లీ మైకులోకి పోయి ప్రతిధ్వని రాకుండా చూడాలి. ఇవన్నీ సర్దేవాడు ఆపరేటరు. మీటింగు బాగా జరిగితే వాడు ఉన్నాడని కూడా ఎవరికీ గుర్తుండదు, ఆగిపోతే అందరి కళ్లూ వాడి మీదే.

కోర్టుల సంగతి మనకు ఇంకా దగ్గర. 2003 ఏప్రిల్‌లో మహారాష్ట్ర ప్రభుత్వానికీ డాక్టర్ ప్రఫుల్ దేశాయ్‌కీ మధ్య కేసులో, సాక్ష్యాన్ని వీడియో కాన్ఫరెన్సులో తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత రిమాండు పొడిగింపులకు జైలు నుంచే తెర మీద హాజరు పరచడం చట్టంలోకి వచ్చింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో నేరస్థ జాతుల చట్టం కింద యెరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలని రాసి, పోలీసుల ముందు హాజరు వేయించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా పుట్టిన సెటిల్‌మెంటే. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది, అనుమానం మాత్రం అంత తొందరగా పోలేదు. కాబట్టి జైలు గదిలో ఆ చిన్న తెర ముందు నిలబడ్డవాడు మన కుర్రాడైతే, వాడి మాట అవతల మేజిస్ట్రేటుకు స్పష్టంగా వినపడిందా, వాడి ఒంటి మీద దెబ్బ ఉంటే అది కనపడిందా అన్నది చిన్న విషయం కాదు. మైకు దూరంగా ఉంటే, వెలుతురు చాలకపోతే, ఆ మనిషి హాజరైనట్టు కాగితం మీద ఉంటుంది, నిజానికి ఉండడు.

వెలుతురు అన్నాం కాబట్టి ఒక మాట. ఫొటో ఫిల్ములు ప్రింటు వేసేటప్పుడు రంగు సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్లు షిర్లీ కార్డు అని ఒకటి వాడేవాళ్లు. దాని మీద ఉండేది తెల్లజాతి ఆడమనిషి బొమ్మ. ఆ ముఖం బాగా వస్తే అంతా బాగున్నట్టే లెక్క, నల్ల ముఖాలు మసిబారినా ఎన్నో ఏళ్లు పట్టించుకోలేదు. ఇవాళ్టి కెమెరా కూడా వెనక తెల్ల గోడో కిటికీనో ఉంటే దాన్ని చూసి వెలుతురు తగ్గించుకుంటుంది, ముందున్న మన ముఖం చీకటవుతుంది. కిటికీ వైపు ముఖం పెట్టించడం, ఎక్స్‌పోజరు ఒక మెట్టు పెంచడం రెండు నిమిషాల పని. తన అమ్మ ముఖం అట్లా చీకటైపోవడం చూసినవాడైతే ఆ రెండు నిమిషాలు మరిచిపోడు.

2020 వచ్చింది. జూమ్‌లో రోజుకు మీటింగుల్లో చేరేవాళ్ల లెక్క 2019 డిసెంబరులో కోటి ఉంటే 2020 ఏప్రిల్‌కు 30 కోట్లయింది. పట్నం పిల్లలు ల్యాప్‌టాపుల్లో చదువుకున్నారు. మనవాళ్లు సిగ్నలు కోసం గట్లెక్కారు, ఇంట్లో ఒకే ఫోనుంటే నాన్న పనికి తీసుకుపోయాక క్లాసు అయిపోయేది. అదే ఏడు కేంద్ర ప్రభుత్వం సొంత వీడియో కాన్ఫరెన్సు సాఫ్ట్‌వేరు కోసం పోటీ పెడితే కేరళలోని అలప్పుజకు చెందిన టెక్‌జెన్షియా గెలిచి కోటి రూపాయలు అందుకుంది. ప్రత్యేక గుర్తింపు పొందిన మూడు కంపెనీల్లో మన హైదరాబాదు పీపుల్‌లింక్ ఒకటి. అలప్పుజ అంటే బెంగళూరు కాదు కదా, పడవలు తిరిగే చిన్న పట్నం. అది గమనించండి.

మరి ఈ పనిలో మనం ఎందుకు తక్కువ? మాకు తోచింది చెబుతాం. టీచరు, కానిస్టేబులు, సచివాలయం కొలువులకు రోస్టరు ఉంది, ఎస్టీ పాయింటు ఉంది. వీడియో పని పెరిగింది ప్రైవేటు కంపెనీల్లో, ఈవెంటు కాంట్రాక్టుల్లో, ఔట్‌సోర్సింగులో. అక్కడ రోస్టరు లేదు. తెలిసినవాడు తెలిసినవాణ్ణి పిలుచుకుంటాడు, మనకు ఆ పిలిచేవాడు లేడు. రిజర్వేషను అడగడం మానొద్దు, కాని అది వచ్చేదాకా ఈ తలుపు మూసుకుని కూర్చోనక్కర్లేదు. ఒక్కడు లోపలికి వెళ్తే వాడు ఇద్దరిని పిలుస్తాడు, కులాలన్నీ అట్లాగే వెళ్లాయి.

మనకు ఈ పనిలో ఒక బలం కూడా ఉంది. సుగాలీల గోర్ బోలికి, యెరుకల భాషకు సొంత లిపి లేదు. ఉత్తరాల కాలం మనది కాలేదు. మిర్చి కోతలకో బేల్దారి పనికో దూరం పోయిన కొడుక్కి అమ్మ రాయలేదు, రాయించుకుంటే అది తెలుగులోకి మారిపోయేది. వీడియో కాలులో ఆమె తన మాటే మాట్లాడుతుంది, చేతులు ఊపుతుంది, మనవడి పంటి నొప్పి చూసి వేరు పేరు చెబుతుంది. తండా ముసలివాళ్ల కథలు, పెళ్లి పాటలు దాచుకోవాలన్నా పుస్తకం కంటే కెమెరానే మనకు దగ్గర దారి. ఆ రికార్డింగు శబ్దం తేటగా ఉండాలంటే మనలో ఒకరికి మైకు పని తెలియాలి.

ఇక పని నేర్చుకోవడం. పదో తరగతి పాసైతే ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు రెండేళ్లు చదవొచ్చు. కేబులు చివర కనెక్టరు బిగించడం, మైకుల రకాలు, నెట్‌వర్క్ మొదటి పాఠాలు, తిరిగే కెమెరాలు నడపడం వస్తే ఆసుపత్రి, కాలేజీ, కోర్టు, కంపెనీ మీటింగు గది, ఎక్కడైనా ఇదే పని. ప్రపంచమంతా చెల్లే సీటీఎస్ అనే సర్టిఫికెట్టును అవిక్సా అనే సంఘం ఇస్తుంది, దాని పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది, ఫీజు ఎక్కువ. అందుకని దాన్ని మొదటి మెట్టుగా పెట్టుకోవద్దు. ముందు దగ్గర్లో సౌండు, ఎల్ఈడీ తెరలు అద్దెకిచ్చే వాళ్ల దగ్గర ఒక సీజను పనిచేయండి. తీగలు మోయమంటారు, మోయండి, మోస్తూ ఏ తీగ ఎందులోకి పోతుందో నోటుబుక్కులో గీసుకోండి. ఆడపిల్లలకు రాత్రి సభల పని ఇబ్బంది అనుకుంటే ఆసుపత్రి టెలీమెడిసిన్, కాలేజీ స్టూడియోలు పగటి పనే.

మన గ్రూపులో ఇప్పటికే ఈ పనిలో ఉన్నవాళ్లు ఉంటే కింద రాయండి: ఎక్కడ చేస్తున్నారు, మొదట ఎవరు పిలిచారు, ఇప్పుడు మీ దగ్గర ఖాళీ ఉందా.