పెరటి కలప రైలు

అడవిలో నరికిన దుంగలను దింపే రైలుమార్గానికి ఇంటి పెరట్లో కట్టే పెద్ద కొలత నమూనా. 1968లో జర్మనీకి చెందిన లేమన్ సంస్థ ఎల్‌జీబీ పేరుతో 45 మి.మీ. పట్టాల మీద 1:22.5 కొలత బండ్లు తెచ్చాక ఆరుబయట రైళ్లకు ఆదరణ పెరిగింది.

మన దేశంలో చక్కని మాతృక కొచ్చిన్ అటవీ ట్రామ్‌వే. 1907 నుంచి 1963 వరకు పరంబికులం టేకును చాలకుడికి చేర్చిన ఈ మార్గం మీటర్‌గేజ్ కాబట్టి 1:22.5కు సరిగ్గా సరిపోతుంది. నిటారు వాలుల్లో దిగే దుంగల బండ్ల బరువే తాడుతో ఖాళీ బండ్లను పైకి లాగేది. నమూనాలో తప్పక చూపాల్సింది ఇదే. ఒక కప్పీ, గట్టి దారం చాలు.

షోలాపూర్‌లో తెలుగు నేతగాళ్ల పేట అశోక్ చౌక్ వాసులకు దగ్గరి ఉదాహరణ బార్శీ లైట్ రైల్వే. ఎవరార్డ్ కాల్త్రాప్ 762 మి.మీ. గేజ్‌తో వేయించిన ఈ మార్గం 1897లో మొదలైంది. అది కలప రైలు కాదు, అయినా సన్నపట్టాల పనితనం దాన్ని చూసి నేర్చుకోవచ్చు. 45 మి.మీ. పట్టాలపై దీని కొలత సుమారు 1:17.

షోలాపూర్ నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. నేరుగా మట్టిపై పరిచిన పట్టాలు వంకర పోతాయి. లోతుగా తవ్వి కంకర దట్టించాలి. 10 మీటర్ల ఇత్తడి పట్టా 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 6 మి.మీ. సాగుతుంది. అందుకే అతుకుల దగ్గర సందు వదలాలి.