సర్కారు తుమ్మ

శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. కడప జిల్లా వాడుకలో కంపచెట్టు. వంటచెరకు కోసం జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను 1877లో ఈ జిల్లాలోని కమలాపురం ప్రాంతంలో నాటారు. నేడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల పెన్నా ఒడ్డున, పులివెందుల బీళ్లలో ఎటు చూసినా ఇదే.

బీడుపడిన చేలో ముందు గడ్డి, తర్వాత తంగేడు, రేగు పొదలు, ఆపై చెట్లు వరుసగా వస్తాయి. దీన్ని పర్యావరణ అనుక్రమం అంటారు. కంపచెట్టు ఆ వరుసను మధ్యలోనే తెంచేస్తుంది. పసుపుపచ్చని తియ్యటి కాయల్ని మేకలు ఇష్టంగా తింటాయి. గింజలు అరగక పెంటికల్లో బయటపడి, వాన పడగానే మొలుస్తాయి. రాలిన ఆకులు ఇతర విత్తనాలను మొలవనివ్వవు. నరికితే మోడు నుంచి గుంపుగా చిగుళ్లు లేస్తాయి. వేరుతో పెకలించకపోతే పడ్డ శ్రమంతా వృథా. అయినా బొగ్గు బట్టీలకూ, పేదల పొయ్యికీ ఆధారం ఈ కంపే.